పది నిమిషాలు పాడి ఒక్క ఛానలే గరగరమంటే

మీరు రాసినదాని ప్రకారం మీది 1980ల నాటి స్టీరియో ఆంప్లిఫైయర్, దాని సర్క్యూట్ డయాగ్రమ్ దొరకడం లేదు. ఎడమ ఛానల్ పది నిమిషాలు బాగా పాడి తర్వాత గరగరమంటుంది, సౌండు తగ్గిస్తే మళ్లీ శుభ్రంగా వినిపిస్తుంది. మెకానిక్ ఏమో పాత బోర్డు పీకేసి కొత్త కిట్ వేద్దామంటున్నాడు. వెయ్యనివ్వకండి. మా నాయన ఆంప్లిఫైయర్‌కి సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. నెల రోజులు తిప్పలు పడ్డాను, అందులో మూడు వారాలు నా తొందరపాటు వల్లే.

మొదట చేసిన పని మాత్రం సరైనదే. స్పీకర్ వైర్లు అటుదిటు మార్చాను, ఫోన్ నుంచి వచ్చే పిన్నులూ మార్చాను. గరగర ఎడమ ఛానల్‌నే పట్టుకుని ఉంది. అంటే జబ్బు లోపలే. అక్కడితో ఆగి మల్టీమీటరు పట్టుకోవాల్సింది. డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతుక్కోని అతుకు, అయి ఉంటుందని బోర్డంతా మళ్లీ సోల్డర్ చేశాను. తగ్గలేదు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, 2ఎన్3055లు రెండు తెచ్చి వేశాను. పాతవీ కొత్తవీ అరచేతుల్లో పెట్టుకుంటే కొత్తవి తేలిగ్గా ఉన్నాయి. ఈ నంబరు మీద నకిలీలు చాలా తిరుగుతాయని అప్పటికి నాకు తెలియదు. డబ్బులు పోయాయి, గరగర అలాగే ఉంది.

సర్క్యూట్ డయాగ్రమ్ దొరకడం లేదని రాశారు కదా, అది అవసరం లేదు. బాగా పాడుతున్న కుడి ఛానలే మీ డయాగ్రమ్. రెండు వైపులా ఒకే భాగాలు, ఒకే విలువలు. కాగితం మీద రెండు గళ్లు గీసి, ఒక్కో చోట కుడి ఎంత, ఎడమ ఎంత అని రాసుకుంటూ పోవడమే.

మాది ఒకే 48 వోల్టుల సప్లై ఉన్న రకం. రెండు 3055లు కలిసే చోటు నుంచి 2200 మైక్రోఫారడ్ కండెన్సర్ (కెపాసిటర్) ద్వారా స్పీకర్‌కి వెళ్తుంది. ఆ కలిసే చోట, అంటే మిడ్ పాయింట్ దగ్గర, సప్లైలో సగం ఉండాలి. కొలిస్తే రెండు వైపులా 24. అంతా బాగానే ఉందని మూత పెట్టేసేవాడిని. పొరపాటు అక్కడే జరిగింది, నేను ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడే కొలిచాను. ఒక ఆదివారం మీటరుకి క్లిప్పులు తగిలించి, పాట పెట్టి, చాయ్ తాగుతూ కూర్చున్నాను. 24 కాస్తా 21 అయింది, 17 అయింది, చివరికి 11.5 దగ్గర ఆగింది. సరిగ్గా అప్పుడే గరగర మొదలైంది. సంగతి ఏమిటంటే, మిడ్ పాయింట్ కిందికి జారితే సౌండు తరంగానికి పైన బోలెడు చోటు ఉంటుంది, కింద ఉండదు. కాబట్టి కింది సగం తెగిపోతుంది. తక్కువ సౌండులో తరంగం చిన్నది, ఆ ఇరుకులోనూ పడుతుంది. అందుకే తగ్గిస్తే శుభ్రంగా వినిపిస్తుంది.

మొదటి ట్రాన్సిస్టర్ బేస్ దగ్గరికి వెళ్తే అక్కడా అదే తేడా. ఆ ఓల్టేజీని నిలబెట్టేవి రెండు 100 కిలో ఓమ్ రెసిస్టర్లు, వాటి మధ్య నుంచి గ్రౌండుకి ఒక 47 మైక్రోఫారడ్ కండెన్సర్. వంగి చూశాను. ఆ కండెన్సర్ పక్కనున్న తెల్లటి వైర్‌వౌండ్ రెసిస్టర్ మీదికి ఒరిగి ఉంది, ఆ రెసిస్టర్ పనిచేసేటప్పుడు వేడెక్కుతుంది. ఒరిగిన వైపు ప్లాస్టిక్ తొడుగు ముడుచుకుని గోధుమరంగుకు తిరిగింది. సెట్టు చల్లారాక, హెయిర్ డ్రయ్యర్‌కి పేపరు గొట్టం చుట్టి దాని ఒక్కదాని మీదే వేడి గాలి కొట్టాను. అర నిమిషంలో మిడ్ పాయింట్ జారడం మొదలైంది.

అంటే వేడెక్కగానే ఆ కండెన్సర్ లోంచి కరెంటు గ్రౌండుకి లీకవుతోంది. ఆ చోట పావు మిల్లీ ఆంపియరు లీకైతే చాలు, 12 వోల్టులు పోతాయి. తమాషా ఏమిటంటే అంతకుముందే దాన్ని ఊడదీసి మీటరులో చూశాను, 45 మైక్రోఫారడ్ చూపించింది. బాగుందని మళ్లీ పెట్టేశాను! మీటరు తక్కువ ఓల్టేజీతో కొలుస్తుంది, అదీ చల్లగా ఉన్నప్పుడు. లీకేజీ అందులో బయటపడదు. 105 డిగ్రీల వేడినీ 63 వోల్టులనీ తట్టుకునే కొత్త కండెన్సర్ తెచ్చి, రెసిస్టర్‌కి ఎడంగా వంచి పెట్టాను. కుడి వైపుదీ మార్చాను. వాటి ధర ఒక ఇరానీ చాయ్ అంత కూడా లేదు.

మూత తెరిచే ముందు కొన్ని మాటలు. సెట్టును సీరీస్ బోర్డు ద్వారా, అంటే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లి సెట్టుకి చేరేలా ఆన్ చేయండి, 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో. ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే ఫర్వాలేదు. అలాగే వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి. ప్లగ్ పీకాక కూడా మెయిన్ కండెన్సర్లలో చార్జి ఉంటుంది, 1 కిలో ఓమ్ 5 వాట్ల రెసిస్టర్ అర నిమిషం పట్టించండి. మీటరు ప్రోబ్‌లకు మొన తప్ప మిగతాదంతా స్లీవ్ తొడగండి. నాకు ఒకసారి ప్రోబ్ జారి 3055 పిన్నుకీ దాని ఒంటికీ తగిలింది. ఆ లోహపు ఒళ్లే కలెక్టర్. ఫ్యూజు పోయింది, ట్రాన్సిస్టరూ పోయింది. ఫ్యూజుకి బదులు సిగరెట్ డబ్బాలో రేకు చుట్టే పాత అలవాటు ఉంటే మానేయండి. ఇదంతా ట్రాన్సిస్టర్ సెట్టు గురించే. వాల్వ్ సెట్టు అయితే లోపల 250 వోల్టులకు పైనే ఉండొచ్చు, తెలిసినవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోవద్దు.

మీ దాంట్లో ప్లస్, మైనస్ రెండు సప్లైలు ఉంటే మిడ్ పాయింట్ సున్నాకి దగ్గరగా ఉండాలి. అక్కడ ఒకటి రెండు వోల్టులు కనిపించినా స్పీకర్లు వెంటనే తీసేయండి, అది ఇంకా పెరిగితే స్పీకర్ కాయిల్ మాడిపోతుంది. ఓల్టేజీ అసలు కదలకుండానే గరగర వస్తుంటే నా కథ మీది కాదు. ప్లాస్టిక్ పెన్నుతో ఎమిటర్ రెసిస్టర్ల (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్ కాలికి కలిపిన రెసిస్టర్లు) కాళ్ల దగ్గర, స్పీకర్ స్విచ్ దగ్గర మెల్లగా తట్టి చూడండి.

ముందు సెట్టు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, గరగర మొదలయ్యాక ఒకసారి రెండు ఛానళ్ల మిడ్ పాయింట్ కొలిచి ఆ నాలుగు అంకెలూ ఇక్కడ రాయండి, చూస్తాను.