ఇల్లు–వాకిలి ప్రశ్నోత్తరాలు: బేస్‌మెంటులో సినిమా, సంగీతం

ప్రశ్న: ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ శివారులో మాకు సొంత ఇల్లు ఉంది. బేస్‌మెంటును ఇంతవరకు సామాను దాచుకోవడానికే వాడుకున్నాము. కాంక్రీటు గోడలు, పైనున్న చెక్క దూలాలు అలాగే బయటికి కనిపిస్తుంటాయి. అందులో 22 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల భాగాన్ని సినిమాలు చూడడానికీ, కర్ణాటక సంగీతం, పాత తెలుగు పాటలు వినడానికీ ఒకే గదిగా మార్చుకోవాలని అనుకుంటున్నాను. నేల నుంచి దూలాల అడుగు వరకు ఎత్తు 8 అడుగులు. గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు సరిగ్గా దీని పైగదిలోనే పడుకుంటారు. మంచు కరిగే రోజుల్లో ఒక మూల గోడ అడుగున కొద్దిగా చెమ్మ కనిపిస్తుంది. జిప్సం బోర్డు బిగించి రంగు వేస్తే అది కనబడదని కాంట్రాక్టరు అంటున్నారు. ఏ పని ముందు చేయించాలి? గదికి ఎంత, పరికరాలకు ఎంత కేటాయించాలి?
— ఒక పాఠకుడు, కొలంబస్

జవాబు: మీ కాంట్రాక్టరు చెప్పినది నిజమే, చెమ్మ కనబడదు. బోర్డు వెనుక చీకట్లో ఉండి బూజును పెంచుతుంది, రెండేళ్లకో మూడేళ్లకో వాసన రూపంలో మీకు తెలుస్తుంది, అప్పుడు స్పీకర్లను కాదు, గోడలనే విప్పవలసి వస్తుంది. కాబట్టి మీ మొదటి ఖర్చు ఇంటి లోపల కాదు, బయట. కప్పు నీటిని దించే గొట్టాలు పునాది పక్కనే నీళ్లు వదులుతున్నాయేమో చూడండి. వాటిని దూరంగా పొడిగించండి. పునాది నుంచి బయటికి మొదటి 10 అడుగులలో నేల కనీసం 6 అంగుళాలు దిగేలా మట్టి వేయించండి. చాలా ఇళ్లలో బేస్‌మెంటు చెమ్మకు కారణం ఈ రెండే. నేల సంగతి తెలుసుకోవడానికి 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును కాంక్రీటు మీద పరచి, నాలుగు అంచులనూ టేపుతో మూసి, కనీసం 16 గంటలు వదిలేయండి. ఎత్తి చూసినప్పుడు అడుగున నీటి బిందువులు ఉన్నా, కాంక్రీటు నల్లబడినా ఆ నేల మీద కార్పెట్ వేయడానికి ఇంకా సమయం రాలేదని అర్థం. సంప్ పంపు (బేస్‌మెంటు అడుగున చేరే నీటిని బయటికి తోడేది) ఉంటే దానికి బ్యాటరీ కూడా పెట్టించండి, ఎందుకంటే కరెంటు పోయేది సాధారణంగా పెద్ద వాన కురిసే రాత్రే.

నీటి తరువాత గాలి. కొలంబస్ ఉన్న ఫ్రాంక్లిన్ కౌంటీని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తన పటంలో రేడాన్ వాయువు అత్యధికంగా ఉండే అవకాశం గల మొదటి మండలంలో చేర్చింది. రంగు, వాసన లేని ఈ వాయువు నేలలోని యురేనియం నుంచి పుట్టి పునాది పగుళ్ల గుండా లోపలికి వస్తుంది; ఊపిరితిత్తుల క్యాన్సరుకు పొగతాగడం తరువాత ఇదే పెద్ద కారణం. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) లేక అంతకు మించి ఉంటే సరిచేయించుకోవాలని ఆ సంస్థ చెబుతుంది. నేల కింద గొట్టం దించి, ఫ్యానుతో ఆ గాలిని కప్పు పైకి పంపించే ఏర్పాటు గోడలు కట్టక ముందు సులభం, కట్టిన తరువాత కష్టం. తలుపులు మూసుకొని గంటల తరబడి కూర్చునే గది కనుక రేడాన్ పరీక్ష తప్పనిసరిగా చేయించండి.

పర్మిట్ లేకుండా పని మొదలుపెట్టవద్దు. అమెరికాలో చాలాచోట్ల అమలులో ఉన్న నివాస గృహాల నియమావళి ప్రకారం, మనుషులు మసలే బేస్‌మెంటు నుంచి నేరుగా బయటపడే మార్గం ఉండాలి. అది కిటికీ అయితే తెరచినప్పుడు సాధారణంగా 5.7 చదరపు అడుగుల ఖాళీ రావాలి, దాని అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. థియేటరుకు చీకటి కావాలని ఉన్న కిటికీని పూడ్చేసేవారు ఉన్నారు. నల్లని తెర వేసుకుంటే సరిపోయే పనికి ప్రాణం మీదికి తెచ్చుకోనక్కరలేదు. గ్యాసు ఫర్నేసు, నీటి హీటరు పక్కనే ఉంటే, చప్పుడు రాకుండా వాటిని పెట్టెలో పెట్టినట్టు బిగించేయకండి. అవి మండడానికి గాలి కావాలి, అది అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది.

ఇక గోడలు. కాంక్రీటుకు ఆనించి ముందు గట్టి ఫోమ్ పలకలు అంటించి, వాటి ముందు చెక్క చట్రం నిలబెట్టి, ఆ చట్రంలో మినరల్ ఊల్ (రాతిని కరిగించి తీసే పీచు) నింపి, దాని మీద జిప్సం బోర్డు వేయించండి. ఫోమ్ లేకుండా నేరుగా గాజు ఊలు నింపితే, గదిలోని వెచ్చని తేమ గాలి చల్లని కాంక్రీటును తాకి అక్కడే నీరవుతుంది. ఈ చట్రపు గోడకు మరొక లాభం కూడా ఉంది: కాంక్రీటు మంద్రధ్వనిని దాదాపు మొత్తం తిప్పికొడుతుంది, బోర్డు గోడ కొద్దిగా కదిలి అందులో కొంత మింగుతుంది.

మీ తల్లిదండ్రుల నిద్ర కప్పు మీద ఆధారపడి ఉంది. శబ్దాన్ని ఆపేది బరువు, గాలి చొరబడని బిగింపు, దూలాలతో నేరుగా తగలకపోవడం. దూలాల మధ్య మినరల్ ఊల్ నింపి, రబ్బరు క్లిప్పులకు లోహపు పట్టీలు తగిలించి, వాటికి 5/8 అంగుళాల జిప్సం బోర్డు రెండు పొరలు, మధ్యలో కంపనాన్ని చంపే జిగురుతో బిగించాలి. దీనికి 3 అంగుళాల ఎత్తు పోతుంది, 7 అడుగుల 9 అంగుళాలు మిగులుతుంది. ఇంత చేసి కప్పు నిండా లైట్ల కోసం గుండ్రటి రంధ్రాలు కోయిస్తే చేసినదంతా వృథా. లైట్లు గోడలకు పెట్టించుకోండి. ఏసీ డక్టు మీ గదినీ పైగదినీ నేరుగా కలిపే గొట్టమని గుర్తుంచుకొని, దాన్ని లోపల మెత్తని పొర వేసి రెండు మూడు వంపులు తిప్పించండి. తలుపు బోలుది కాక నిండు చెక్కది కావాలి, చుట్టూ రబ్బరు అంచు ఉండాలి. అయినా సబ్‌వూఫర్ (మంద్రధ్వని కోసమే పెట్టే స్పీకరు) మోత కొంత పైకి వెళ్తుంది. పూర్తిగా ఆపగలమని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

పూర్తయిన గది సుమారు 21 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు ఉంటుంది. ధ్వని సెకనుకు 1130 అడుగులు వెళ్తుంది కనుక, ఆ వేగాన్ని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే గది తనంతట తాను మోగే స్వరాలు తెలుస్తాయి: పొడవుకు 27, వెడల్పుకు 43, ఎత్తుకు 73 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు). మృదంగం తొప్పి (మంద్రంగా మోగే ఎడమ) వైపు నాదం ఒక కుర్చీలో ఉబ్బినట్టు, పక్క కుర్చీలో మాయమైనట్టు వినిపించడానికి ఇటువంటి స్వరాలే కారణం, అందుకు స్పీకరును తిట్టి లాభం లేదు. పొడవులో సరిగ్గా మధ్యన కూర్చుంటే ఆ 27 హెర్ట్జ్ స్వరం దాదాపు వినబడదు, వెనుక గోడకు ఆనుకొంటే అదే మితిమీరుతుంది. ముందు గోడకు 13 అడుగుల దూరంలో కూర్చోండి. స్పీకర్లను ముందు గోడ నుంచి 3 అడుగులు ముందుకు జరిపి, రెంటి మధ్య 10 అడుగులు ఉంచితే ఒక్కొక్కటి మీకు 11 అడుగుల దూరంలో ఉంటుంది, అంటే దాదాపు సమబాహు త్రిభుజం. ఒక పెద్ద సబ్‌వూఫర్ కన్న రెండు మధ్యరకంవి కొని, ఒకటి ముందు గోడ మధ్యన, మరొకటి వెనుక గోడ మధ్యన పెట్టండి; కుర్చీకీ కుర్చీకీ తేడా బాగా తగ్గుతుంది.

సినిమా తెరను మూల నుంచి ఎదురు మూలకు 110 అంగుళాలకు మించనివ్వకండి. దాని వెడల్పు 8 అడుగులు, మీ కుర్చీ నుంచి 34 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. సినిమాకు అది హాయిగా సరిపోతుంది. 130 అంగుళాల తెర మీద మోజుతో స్పీకర్లను పక్క గోడలకు నొక్కేస్తే పోయేది సంగీతమే. వెనుక వరుసకు అరుగు కట్టించాలనే ఆలోచన ఉంటే మానుకోండి, అడుగు ఎత్తు అరుగు మీద నిలబడినవారికి పైన 6 అడుగుల 9 అంగుళాలే మిగులుతుంది. పిల్లలు ఎలాగూ ముందు పరుపుల మీదే దొర్లుతారు.

సినిమాకు గదిలో ప్రతిధ్వని తక్కువగా ఉంటే మాట స్పష్టంగా వినిపిస్తుంది, తంబుర నాదానికి, గాత్రానికి అది కొంచెం కావాలి. ధ్వని ఆరిపోవడానికి 0.3 నుంచి 0.5 సెకన్లు పట్టే గది రెంటికీ పనికివస్తుంది. పక్క గోడల మీద అద్దం జరుపుతూ ఉండగా మీ కుర్చీ నుంచి స్పీకరు ఎక్కడ కనిపిస్తే అక్కడ 4 అంగుళాల మందం గల మినరల్ ఊల్ పలక, మూలల్లో అంతకన్న మందమైనవి పెట్టండి. మిగిలిన పక్క గోడలకు మందపాటి తెరలు వేలాడదీసి, సినిమాకు మూసి, పాటకు తీయండి.

డబ్బు సంగతికి వస్తే, నా లెక్కలో నీరు, గాలి పనులు పోగా మిగిలినదానిలో సగానికి పైగా గదికే వెళ్లాలి. యాంప్లిఫయరు వచ్చే ఏడాదైనా మార్చుకోవచ్చు, కప్పును మార్చలేరు.

ప్రశ్న: హైదరాబాదులో మా అపార్టుమెంటు సెల్లారులో నాకు చెందిన పార్కింగు స్థలాన్ని గోడ కట్టి థియేటరుగా మార్చుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: వద్దండి. సెల్లారుకు అనుమతి ఇచ్చేది వాహనాల కోసం. దాన్ని వేరే పనికి వాడితే నగరపాలక సంస్థ కూల్చవచ్చు, పొరుగువారు ఫిర్యాదు చేయవచ్చు. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్నో సెల్లార్లు నిండిపోయాయి కూడా. పైన ఒక పడకగదిని ఎంచుకోండి. మన ఇటుక గోడలకు, స్లాబుకు ఉండే బరువు అమెరికా చెక్క ఇళ్లకు లేదు, కాబట్టి శబ్దాన్ని ఆపే పని సగం అయిపోయినట్టే. తలుపు, కిటికీల సందులు మూయించి, నున్నటి టైల్స్ మీద మందపాటి తివాచీ పరిచి, స్పీకర్లకు ఎదురు గోడకు నిండుగా పుస్తకాల బీరువా పెట్టండి.

ప్రశ్న: గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం బయటికి పోదని విన్నాను. నిజమేనా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదు. వాటికి బరువు లేదు, మందం లేదు. పైస్థాయి ధ్వనిని కొద్దిగా చెదరగొడతాయి, అంతే. నిప్పు మాత్రం తొందరగా అంటుకుంటుంది.

ప్రశ్న: కొత్తగా ఏడు స్పీకర్ల సెట్టు పెట్టించాను. ఘంటసాల గారి పాత పాటలు వింటే గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంది. పరికరంలో లోపమా?
— ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: లోపం లేదు. ఆ కాలపు పాటల్లో ఎక్కువ భాగం మోనో రికార్డింగులు, అంటే వాటిలో ఉన్నది ఒకే ఒక ధ్వని ధార; మీ రిసీవరు దాన్ని ఏడు చోట్లకు పంచాలని లేని ప్రతిధ్వనిని కల్పిస్తోంది. రిమోటులో స్టీరియో లేదా డైరెక్ట్ అన్నదాన్ని ఎంచుకొని ముందరి రెండు స్పీకర్లతోనే వినండి. అప్పుడు ఆయన గొంతు రెండు స్పీకర్ల నడుమ, ఏమీ లేని చోటునుంచి, ఒక మనిషి అక్కడే నిలబడి పాడుతున్నట్టు రావాలి. అది ఒక పక్కకు లాగినట్టు ఉంటే, ఆ పక్క గోడో కిటికీ అద్దమో ధ్వనిని ఎక్కువగా తిప్పికొడుతోందన్నమాట. అక్కడ ఒక మందపాటి తెర వేసి మళ్లీ వినండి. రెండు స్పీకర్లూ మీ కుర్చీకి సమాన దూరంలో ఉన్నాయో లేదో టేపుతో కొలిచి చూడడం కూడా మరచిపోకండి.