శ్రీశైలం జలాశయపు అడుగు మట్టిని పరిశీలించబోయే విద్యార్థినికి

చిరంజీవికి ఆశీస్సులు.

శ్రీశైలం జలాశయంలో భాస్వరం లెక్క తేల్చే పనికి పూనుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. వచ్చే నీటిలో ఎంత ఉంది, ఆనకట్ట దాటే నీటిలో ఎంత ఉంది అని కొలిచి, తేడా అంతా అడుగున ఉండిపోయిందని రాయాలన్న నీ ఆలోచన మాత్రం చాలదమ్మా. మొదట్లో 308 టీఎంసీలున్న నిల్వ సామర్థ్యం పూడిక వల్ల 215 టీఎంసీల దగ్గరికి తగ్గింది. ఆ చోటును ఆక్రమించిన ఒండ్రు పైనున్న నీటితో ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. తెలుగుగంగ ద్వారా చెన్నై దాకా తాగడానికి వెళ్లే నీరిది కనుక ఈ లెక్క తప్పకూడదు.

అడుగు నీటిలో ఆక్సిజన్ ఉన్నంతకాలం మట్టి పైపొరలోని ఇనుము తుప్పు రూపంలో ఉండి ఫాస్ఫేట్‌ను, అంటే నీటిలో కరిగే రూపంలోని భాస్వరాన్ని, పట్టి ఉంచుతుంది. ఎండాకాలంలో పైనీరు వేడెక్కి, తేలికై, అడుగు నీటితో కలవకుండా నిలిచిపోయినప్పుడు, సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అక్కడి ఆక్సిజన్‌ను వాడేస్తే, ఆ ఇనుమే కరిగి ఫాస్ఫేట్‌ను నీటిలోకి వదిలేస్తుంది. నైట్రేట్ నత్రజని వాయువుగా మారి కొంత తరిగిపోతుంది, అమ్మోనియా మాత్రం పేరుకుంటుంది. మార్టిమర్ అనే శాస్త్రవేత్త 1941, 1942లలో ఇంగ్లండ్ సరస్సుల మట్టి మీద దీన్ని వివరంగా చూపించాడు. మన వెచ్చని నీళ్లలో ఆక్సిజన్ మరింత త్వరగా అయిపోతుంది.

కాబట్టి మట్టిని తవ్వి తీసే పరికరాన్ని వాడకు, అసలైన పైపొర అందులో చెదిరిపోతుంది. పారదర్శకమైన గొట్టాన్ని నిలువుగా దించి, మట్టిని దాని మీది జానెడు నీటితో సహా పైకి తీయి. పైన కొన్ని మిల్లీమీటర్ల మందాన తుప్పురంగు పొర, దాని కింద నల్లని బురద కనబడితే ఆక్సిజన్ ఇంకా అందుతున్నట్లే. నలుపు పైదాకా వచ్చి, కుళ్లిన కోడిగుడ్ల వాసన కొడితే ఆ సంగతి వెంటనే రాసిపెట్టుకో. మట్టి సందుల్లోని నీటిని తీసేటప్పుడు గాలి తగలనివ్వకు. తగిలితే కరిగిన ఇనుము మళ్లీ తుప్పుగా మారి ఫాస్ఫేట్‌ను తనతో కిందికి లాక్కుపోతుంది, నీ సీసాలో భాస్వరం తక్కువగా తేలుతుంది. నైట్రోజన్ నింపిన సంచిలోనే వడపోసి, అక్కడికక్కడే ఆమ్లం కలుపు.

ఆనకట్ట దగ్గరి లోతుతోనే సరిపెట్టవద్దు. నీటిమట్టం పడిపోయి సంగమేశ్వరాలయం బయటపడే రోజుల్లో ఎగువన విశాలమైన ఒండ్రు నేల ఎండి బీటలు వారుతుంది. దానిలోని సూక్ష్మజీవులు చాలావరకు చనిపోతాయి, వరద నీరు తాకగానే వాటిలోని నత్రజని, భాస్వరం ఒక్కసారిగా బయటికొస్తాయి. నా ఉద్దేశంలో మన జలాశయాల్లో అందరూ వదిలేసే భాగం ఇదే. అందుకని వరదకు ముందు ఎండు మట్టిని, నీరు ఎక్కిన తొలివారంలో తడి మట్టిని తప్పక తీసుకో.

తెచ్చిన గొట్టాల్లో సగం గాలి ఆడేలా, సగం నైట్రోజన్ కింద, చీకట్లో, జలాశయపు అడుగున ఉన్న ఉష్ణోగ్రతలోనే ఉంచి, పైనీటిలో ఫాస్ఫేట్‌ను రోజూ కొలువు. చదరపు మీటరుకు వచ్చిన అంకెను విస్తీర్ణంతో గుణించేటప్పుడు నిండు జలాశయపు విస్తీర్ణం వేయవద్దు, నీటిమట్టంతో పాటు అదీ మారుతుంది. నీటిపారుదల శాఖ దగ్గర మట్టానికి తగ్గ విస్తీర్ణాల పట్టిక ఉంటుంది. అది చేతికి వచ్చాకే పడవ మాట్లాడుకో.