గెలాక్సీలను లెక్కపెడితే విశ్వం తొలినాళ్ల సంగతి ఎలా తెలుస్తుంది?

నేను ఖగోళ శాస్త్రవేత్తను కాను. సర్కారు బడిలో ఫిజిక్స్ చెప్తాను. కానీ ఇంటింటి సర్వే చేసినవాణ్ణి, ఈ ప్రశ్నకు ఆ అర్హత చాలు.

2014 ఆగస్టు 19, సమగ్ర కుటుంబ సర్వే రోజు. హైదరాబాద్ రోడ్ల మీద పురుగు లేదు. నాకు బోరబండలో ఒక సందు పడింది. మాట వరసకు "మీదే ఊరమ్మా" అని అడుగుతూ పోతే ఏడిళ్లవాళ్లూ పాలమూరు వైపు ఒకే ఊరి పేరు చెప్పారు. మలుపు తిరిగితే ఆ ఊరివాళ్లు ఒక్కరూ లేరు. చాయ్ ఇచ్చిన పెద్దమ్మ చెప్పింది: "ముందుగాల మా మరిది వచ్చిండు సారూ, మేస్త్రీ పనికి. ఆయన ఎన్కనే మేమంతా." ఎప్పుడో ఒక్క మనిషి దింపుకున్న మూట నా ఫారాల దాకా వచ్చింది.

గెలాక్సీలదీ అదే కథ. తొలి 3,80,000 ఏళ్లు కాంతీ పదార్థమూ కలగలిసి కుతకుతలాడుతుంటే అందులో శబ్దతరంగాలు పరిగెత్తాయి. విశ్వం చల్లారాక ఎక్కడివక్కడ ఆగిపోయాయి, ఆగినచోట పదార్థం కాస్త ఎక్కువగా పోగుపడింది. అవి నడిచిన దూరం విశ్వంతో పాటు సాగి ఇవాళ సుమారు 49 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ ఎడంలో గెలాక్సీల జతలు కాస్త ఎక్కువగా ఉంటాయి. 2005లో స్లోన్, 2డీఎఫ్ అనే గెలాక్సీల సర్వేలు దీన్ని పట్టుకున్నాయి. ఆ తరంగాలకన్నా ముందు, ఇన్‌ఫ్లేషన్ (విశ్వం పుట్టిన తొలి క్షణంలోనే విపరీత వేగంతో ఉబ్బడం) వేసిన విత్తనాలు ఎలాంటివో కూడా ఈ గుంపుల్లోనే వెతుకుతున్నారు.

జనం మాత్రం వాట్సాప్‌లో జేమ్స్ వెబ్ ఫొటోలు పంపుకుంటారు. ఫొటోలో దూరం ఎక్కడుంది? కాంతిని విడదీసి రెడ్‌షిఫ్ట్ కొలిస్తేనే, అంటే విశ్వం సాగడంతో ఆ కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చూస్తేనే అసలు లెక్క: ఎంత ఎక్కువ జరిగితే అంత దూరం. స్లోన్ వాళ్లు ఆకాశంలో గురిపెట్టిన చోట్లకు సరిపడేలా అల్యూమినియం పలకకు 640 రంధ్రాలు వేసి, ఒక్కోదానిలో చేత్తో ఫైబర్ (కాంతిని మోసే గాజుపోగు) గుచ్చేవారు. ఇప్పుడు అమెరికాలోని అరిజోనాలో డెసీ అనే గెలాక్సీల సర్వేకి ఆ పని 5,000 బుల్లి రోబోలు చేస్తున్నాయి. మన బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ కూడా ఒకప్పుడు ఫొటో పలకల మీద నక్షత్రాల స్థానాలు కొలిచి కేటలాగులు వేసింది. పిల్లలకు చెప్తే "ఎంసెట్‌లో వస్తదా సార్" అంటారు.

అసలు చిక్కు తాళం వేసిన ఇళ్లతో. మన పాలపుంత ధూళి కొన్ని గెలాక్సీలను కప్పేస్తుంది. అది లెక్కలోకి తీసుకోకపోతే లేని గుంపులు కనిపిస్తాయి, ఉన్నవి మాయమవుతాయి. ఆ రోజు నా సందులో నాలుగిళ్లకు తాళాలు. ఖాళీ ఇళ్లని రాయబోతుంటే పెద్దమ్మ ఆపింది: "ఆళ్లూ మా ఊరోళ్లే సారూ. సర్వేల పేరు రాయించుకునేందుకు మా ఊరికి పోయిండ్రు."