శత్రుదేశంతో మాటలెందుకు? మా ఇంటి దాకా వచ్చిన రెండు లిస్టులు

"మన మీద దాడులు చేయించే పాకిస్తాన్‌తో చర్చలు జరిపితే ఒరిగేదేమిటి?" అని ఒకరు అడిగారు. నేను విదేశాంగ నిపుణురాలిని కాను. కుషాయిగూడలో ఉంటాను. మా నాన్న మౌలాలి ఎన్‌ఎఫ్‌సీలో, అంటే అణువిద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారుచేసే ఫ్యాక్టరీలో, పనిచేసి రిటైరయ్యారు. నాకు తెలిసిందల్లా ఆ వైపు నుంచే.

2025 మే 7న హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ పెట్టారు, గుర్తుందా? సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి. సాయంత్రం నాలుగింటికి సైరన్ మోగింది. అంతకుముందు రాత్రే పాకిస్తాన్ మీద మన సైన్యం దాడి, ఆపరేషన్ సిందూర్. ఉత్తుత్తి సైరనే అని తెలిసినా నాకు కాళ్ళాడలేదు. "మన ఫ్యాక్టరీ మీద వేస్తారా నాన్నా?" అన్నాను. ఆయన టీ గ్లాసు దించకుండానే, "అడ్రసులు మనమే ఇస్తాం కదమ్మా, ఏటా జనవరి ఒకటిన" అన్నారు.

జోక్ అనుకున్నాను. కాదు. 1988 డిసెంబర్ 31న, రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో ప్రధానులుగా ఉన్నప్పుడు, ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని భారత్, పాకిస్తాన్ ఒప్పందం చేసుకున్నాయి. రియాక్టర్లే కాదు, ఇంధనం తయారుచేసే ఫ్యాక్టరీలూ అందులోకి వస్తాయి. ఏ కేంద్రం ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ప్రతి జనవరి 1న లిస్టులు ఇచ్చిపుచ్చుకుంటారు. 1992లో మొదలైంది. తర్వాత కార్గిల్, పార్లమెంటు మీద దాడి, ముంబై, పుల్వామా... ఒక్క ఏడాదీ ఆగలేదు. లిస్టులో ఏముందో బయటపెట్టరు. నాన్నకూ తెలియదు, తెలిసినా చెప్పే మనిషి కాదు.

"వాళ్ళు మాట మీద ఉంటారని నమ్మకమేంటి?" అన్నాను. "నమ్మకంతో పనేముంది? వాళ్ళ రియాక్టర్ పగిలితే ఆ గాలి మన పంజాబ్‌కీ రావచ్చు. మనది పగిలితే వాళ్ళకీ అంతే. ఇద్దరికీ ఉన్న భయాన్ని కాగితం మీద పెట్టుకున్నారు" అన్నారు.

ఆయనేమీ శాంతి కపోతం కాదు. 1999 ఫిబ్రవరిలో లాహోర్ బస్సు, మే నాటికి కార్గిల్ అని ఇప్పటికీ తిడతారు. ఆ విషయంలో నేనూ ఆయన పక్షమే. కౌగిలింతలు, ఫొటోలు చూసి పొంగిపోవడం నాకూ చేతకాదు. చర్చలతో ఉగ్రవాదం ఆగిపోతుందని నేను చెప్పను. కానీ 2025 మే 10న మధ్యాహ్నం 3:35కి పాకిస్తాన్ సైనికాధికారి మన అధికారికి ఫోన్ చేయడానికి ఒక లైను ఉంది. ఐదింటి నుంచి కాల్పులు ఆపాలని ఒప్పుకున్నారు. ఆ రాత్రి కొన్ని గంటలు మాట తప్పారు, నిజమే. ఆ తర్వాతైతే ఆగింది.

రెండో లిస్టు సంగతి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య వల్ల తెలిసింది. వాళ్ళది శ్రీకాకుళం వైపు. అక్కడి నుంచి గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద చేపల వేటకు పోతారు. 2018 చివర్లో అలా వెళ్ళినవాళ్ళను పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారు. ఆవిడ పుట్టింటి పక్కూరి వాళ్ళూ ఉన్నారట. 2008లో కుదిరిన ఇంకో ఒప్పందం ప్రకారం జైళ్ళలో ఉన్నవాళ్ళ లిస్టులు జనవరి 1న, జూలై 1న మార్చుకుంటారు. "కాగితంలో పేరుంటే బతికున్నట్టే కదేటక్కా" అనేది ఆవిడ, ఇస్త్రీ చేస్తూ.

2019 ఎలా గడిచిందో మీకు తెలుసు. పుల్వామా, బాలాకోట్, ఆగస్టులో హైకమిషనర్‌ను పంపేయడం, సంఝౌతా రైలు ఆగిపోవడం. అయినా ఢిల్లీ, ఇస్లామాబాద్ రెండు రాయబార కార్యాలయాల్లోనూ కింది సిబ్బంది మిగిలారు. 2020 జనవరి 6న మన ఆంధ్రా మత్స్యకారులు ఇరవై మంది వాఘా దగ్గర ఇవతలికి నడిచి వచ్చారు. ఆ రోజు మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆవిడ బెల్లం, కొబ్బరి పంచింది.

2025లో సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టాం, సరిహద్దులోని అటారీ గేటు మూశాం. అయినా 2026 జనవరి 1న రెండు లిస్టులూ చేతులు మారాయి. పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివి మడిచేశారు. బట్టలివ్వడానికి వచ్చిన ఆవిడ మాత్రం, "మనోళ్ళ పేర్లేమైనా ఏసారేటక్కా?" అని అడిగింది. పేర్లు వేయలేదు, ఎంతమందో అంతే వేశారు.