రాని వాళ్లను లెక్కపెట్టడం ఎలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివాను. మా దగ్గర బీపీ, షుగర్ రిజిస్టర్ రాసేది నేనే. పేరు రాయించుకుని మొదటి నెల మాత్రలు తీసుకెళ్లిన వాళ్లలో చాలామంది రెండో నెల నుంచో మూడో నెల నుంచో కనిపించరు. సమీక్షా సమావేశంలో ప్రతిసారీ ‘రోగులకు అవగాహన లేదు’ అని రాసుకుని లేస్తాం. కారణం వేరే ఉందని నా అనుమానం. మేము బీపీ మాత్రలు ఇచ్చేది మంగళవారం. పక్క ఊళ్లో సంత కూడా ఆ రోజే. దీన్ని పద్ధతిగా పరిశీలిస్తానంటే, ‘పరిశోధన పీహెచ్‌డీ వాళ్ల పని, నర్సులకెందుకు’ అని నవ్వారు. గణాంకాలంటే నాకూ భయమే. ఎక్కడ మొదలుపెట్టాలి?
— పేరు, ఊరు వద్దన్న పాఠకురాలు

జవాబు: నవ్విన వాళ్లకు గడ్చిరోలి సంగతి చెప్పండమ్మా. మహారాష్ట్రలోని ఆ జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పసికందుల మరణాలపై చేసిన అధ్యయనం 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 39 ఊళ్లలో ఇంటి దగ్గరే సంరక్షణ అందించి, మరో 47 ఊళ్లతో పోల్చారు. మూడో ఏడాదికి మరణాలు దాదాపు 62 శాతం తగ్గాయి. ఇళ్లకు వెళ్లి బిడ్డను తూచి, చూసి, కాగితం మీద రాసింది ఆ ఊళ్ల ఆడవాళ్లే. వాళ్ల చదువు ఐదో తరగతికీ పదో తరగతికీ మధ్య. మీరు జీఎన్‌ఎం చదివారు. ఇక ఆ సంగతి వదిలేద్దాం.

మీ ఉత్తరంలో నాకు నచ్చింది మంగళవారం. ‘అవగాహన లేదు’ అన్నది సమావేశం ముగించడానికి పనికొచ్చే వాక్యం, అంతకంటే దానితో ప్రయోజనం లేదు. మీ అనుమానం అలాంటిది కాదు, తప్పని తేలే వీలుంది. సంతకు వెళ్లే ఊళ్ల వాళ్లే ఎక్కువగా మానేస్తున్నారా, అన్ని ఊళ్లలోనూ ఒకే తీరా అన్నది రిజిస్టర్‌లోనే చూడొచ్చు. ప్రశ్నను ఇలా రాసుకోండి: ‘జనవరి నుంచి మార్చి దాకా కొత్తగా నమోదైన బీపీ రోగుల్లో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక్కసారీ రాని వాళ్లు ఎందరు? సంత వైపు ఊళ్లలో ఆ వాటా ఎక్కువగా ఉందా?’ అంతే. ‘చికిత్స కొనసాగింపును ప్రభావితం చేసే వివిధ అంశాలు’ అని మాత్రం పెట్టకండి. ప్రజారోగ్య నర్సింగ్ పాఠాలు చెప్పినంత కాలం చూశాను, ‘వివిధ’తో మొదలైన పని ఒడ్డుకు చేరడం అరుదు.

చాలామంది తర్వాత చేసే పని, ప్రశ్నావళి పట్టుకుని ఓపీ వరుస దగ్గరికి వెళ్లడం. ‘మాత్రలు ఎందుకు మానేస్తారు?’ అని అక్కడ అడిగితే, మానని వాళ్లు మానేసిన వాళ్ల గురించి ఊహించి చెబుతారు. మీకు కావలసిన మనుషులు ఆ వరుసలో లేరు, వాళ్ల పేర్లు మీ రిజిస్టర్‌లో మాత్రమే ఉన్నాయి.

‘రాలేదు’ అంటే ఏమిటో ముందే నిర్ణయించుకోండి. 2017లో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో నమోదైన వాళ్లను తర్వాతి త్రైమాసికంలో మూడు రకాలుగా విడదీస్తారు: బీపీ 140/90 కంటే తగ్గినవాళ్లు, తగ్గనివాళ్లు, అసలు రానివాళ్లు. సొంత నిర్వచనం కల్పించుకోకుండా దీన్నే వాడితే, మీ లెక్కను రేపు మరో జిల్లా లెక్క పక్కన పెట్టి చూడొచ్చు.

అసలు కష్టం ఆ మూడో రకంతోనే. ఖాళీ గడి వెనక ఉన్న మనిషి ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం దగ్గర మాత్రలు తీసుకుంటూ ఉండొచ్చు. ఆశ కార్యకర్త ఇంటికే తెచ్చిస్తూ ఉండొచ్చు. మందుల షాపులో కొనుక్కుంటూ ఉండొచ్చు, కూతురి దగ్గరికి వెళ్లిపోయి ఉండొచ్చు, చనిపోయి ఉండొచ్చు. వీళ్లందరినీ ‘మానేసినవాళ్లు’ అని రాస్తే లెక్క తప్పేది మీరు, సమావేశంలో మాట పడేది వాళ్లు. ఉపకేంద్రాల రిజిస్టర్లతో పేరు పేరునా సరిచూశాకే శాతం కట్టండి. విసుగు పుట్టించే పనే. ఎక్కువ రోజులు ఇక్కడే పోతాయి, పోనివ్వండి.

రిజిస్టర్‌లోని బీపీ అంకెలను నమ్మొచ్చో లేదో చెప్పే పరీక్ష ఇంకొకటి ఉంది, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. రిజిస్టర్‌లో పై బీపీ చివరి అంకె ఏమిటో చూస్తూ, ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టి లెక్కపెట్టండి. చేత్తో గాలి కొట్టే సాధనం మీద గీతలు రెండేసి చొప్పున ఉంటాయి కాబట్టి సున్నా, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది ఇంచుమించు సమంగా రావాలి. సున్నా ఐదింట ఒక వంతు ఉండాలి. డిజిటల్ మిషన్ అయితే పదింట ఒక వంతు. పేజీ నిండా 130/80, 140/90 కనిపిస్తే అంకెలను ఎవరో సర్ది రాసినట్టే (మీరే కావచ్చు, కోపం వద్దు). అప్పుడు ‘బీపీ ఎందరికి అదుపులో ఉంది’ అనే ప్రశ్న జోలికి ఆ రిజిస్టర్‌తో పోకండి. వచ్చారా రాలేదా అన్నదాన్ని మాత్రం నమ్మొచ్చు.

అనుమతి విషయంలో బద్ధకం పనికిరాదు. మెడికల్ ఆఫీసర్‌కు, జిల్లా ప్రోగ్రామ్ అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. పేర్లు తీసేసిన రికార్డులకు, పరిశోధనలో నైతికతను చూసే ఎథిక్స్ కమిటీ పూర్తి సమీక్ష నుంచి మినహాయింపు దొరకవచ్చు. అయితే 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఆ మాట చెప్పాల్సింది కమిటీయే, మీరు కాదు. దగ్గర్లోని వైద్య కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగం తలుపు తట్టండి. కమిటీ అక్కడే ఉంటుంది, గణాంకాలు తెలిసిన వాళ్లూ దొరుకుతారు. రిజిస్టర్ పేజీలను సొంత ఫోనుతో ఫొటోలు తీయకండి. పేర్లకు బదులు వరుస సంఖ్యలు వేసి, ఏ సంఖ్య ఎవరిదో చెప్పే కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేయండి.

రాని వాళ్లకు ఫోను చేసి కారణం అడగాలని మీకు తప్పక అనిపిస్తుంది. మీరు అడగకండి. మాత్రలు ఇచ్చే మనిషే అడిగితే ఎవరూ కాదనలేరు, నిజమూ చెప్పరు. ‘మర్చిపోయానమ్మా’ అంటారు. ఆ ఊరితో సంబంధం లేని మరొకరి చేత అడిగించండి. జవాబు చెప్పకపోయినా మాత్రలు ఆగవని మొదటే చెప్పించండి.

గణాంకాల భయం ఇంత పనికి అనవసరం. రెండు శాతాలు, వాటిని పోల్చే ఒక పట్టిక చాలు. ఎపిడేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అది అయిపోతుంది. పద్ధతిగా నేర్చుకోవాలంటే పరిశోధన నేర్పే సార్ట్ ఇట్ శిక్షణ గురించి ఆ కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలోనే వాకబు చేయండి. 2009లో క్షయ వ్యాధిపై పనిచేసే ద యూనియన్, ‘సరిహద్దులు లేని వైద్యులు’గా పేరున్న ఎంఎస్‌ఎఫ్ సంస్థలు ఆరోగ్య కార్యక్రమాల్లో పనిచేసేవాళ్ల కోసమే మొదలుపెట్టిన పద్ధతి అది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థలోని టీడీఆర్ అనే ఉష్ణమండల వ్యాధుల పరిశోధన విభాగం దాన్ని నడిపిస్తోంది. గడువులోగా పని చూపించకపోతే తర్వాతి దశకు రానివ్వరు, చివర్లో పత్రికకు వ్యాసం పంపాల్సిందే. ఆ కాఠిన్యం నాకు ఇష్టం.

మంగళవారమే కారణమని తేలితే రోజు మార్పించండి. ఆ తర్వాత నమోదైన వాళ్లకు కూడా ఇదే లెక్క, ఇదే నిర్వచనంతో మళ్లీ కట్టండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను కుటుంబ సలహా కేంద్రంలో కౌన్సెలర్‌ను. మా బీరువాల్లో ఏళ్ల తరబడి కేసు ఫైళ్లు ఉన్నాయి. వాటినే పరిశోధనకు వాడుకోవచ్చా?
— ఎం.ఎస్‌.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివిన పాఠకుడు

జవాబు: వాడుకోవచ్చు నాయనా. న్యూయార్క్ హంటర్ కాలేజీలో సోషల్ వర్క్ బోధించిన ఇర్విన్ ఎప్‌స్టీన్ సరిగ్గా ఇదే నేర్పాడు. కొత్త సర్వేలు మొదలుపెట్టే ముందు, తమ చేత్తో రాసి మరిచిపోయిన ఫైళ్లను తవ్వమని ఆసుపత్రుల్లోని సోషల్ వర్కర్లకు చెప్పాడు. అయితే మీ ఫైళ్లు రాసింది కేసు నడపడానికి, పరిశోధనకు కాదు. ‘భర్త తాగుతాడా’ అన్న గడి ఖాళీగా ఉంటే తాగడని అర్థం కాదు, ఆ రోజు ఎవరూ అడగలేదేమో. ‘లేదు’కు, ‘రాయలేదు’కు వేరు వేరు గుర్తులు పెట్టుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి మీకు మరీ ముఖ్యం. చిన్న మండలంలో ఊరు, వయసు, కులం మూడూ కలిపి రాస్తే, పేరు లేకపోయినా ఆ అమ్మాయి ఎవరో భర్త బంధువులకు తెలిసిపోతుంది.

అనుమతి వచ్చాక కొన్ని ఫైళ్లు చదివి ఒక్క పేజీ ఫారం తయారుచేయండి. మీరూ, మీ సహోద్యోగీ అవే ఫైళ్లకు ఒకరిది ఒకరు చూడకుండా దాన్ని నింపండి. ఇద్దరికీ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఫారంలోని ప్రశ్నను మార్చి, వేరే ఫైళ్లు తీసుకుని మళ్లీ నింపి చూడండి.