పాఠకుల ప్రశ్నలు: రంగుమట్టి పూత ఎందుకు పెచ్చులూడుతుంది?

ప్రశ్న: మా కాలనీలో కొందరం ఆదివారాలు కలుసుకొని మట్టి పాత్రలు చేసుకుంటున్నాము. ఎర్రమట్టి గిన్నెలకు తెల్ల స్లిప్ పూసి, దాని మీద నీలం స్లిప్‌తో ముగ్గుల వంటి గీతలు వేస్తున్నాము. కాల్చి తీసేసరికి అంచుల దగ్గర, పిడి అతికించిన చోట పూత పెచ్చులుగా లేచిపోతున్నది. రంగులు నాసిరకమని కొందరు, బట్టీకి వేడి చాలలేదని కొందరు అంటున్నారు. అసలు కారణం ఏమిటి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రంగులను, బట్టీని అనుమానించే ముందు మట్టిని చూడండి. స్లిప్ అంటే నీళ్లలో చిక్కగా కలిపిన మట్టే కనుక, గిన్నె ఆరుతూ కాలుతూ కుదించుకుపోయినట్టే పూత కూడా కుదించుకుపోతుంది. రెండూ కలిసి, ఇంచుమించు ఒకే మేరకు కుదించుకుంటేనే పూత నిలుస్తుంది. బాగా ఎండిన గిన్నెకు పూస్తే, గిన్నె అప్పటికే కుదించుకొని ఉంటుంది కాబట్టి పూత ఒక్కటే బిగుసుకొని నెర్రెలిస్తుంది. అలా కాక, గిన్నె మట్టికన్నా తక్కువ కుదించుకునే మట్టితో పూత చేసుకుంటే, దానికి చోటు చాలక అంచుల వద్ద పైకి తన్నుకొస్తుంది. మీరు చెప్పిన లక్షణం ఈ రెండవదానిలా ఉన్నది. తెల్లపూతను ఉత్త చైనా క్లేతో (తక్కువ కుదించుకునే తెల్లమట్టి) చేస్తున్నట్లయితే, అందులో కొంత బాల్ క్లే (ఎక్కువ కుదించుకునే జిగటమట్టి) కలిపి చిన్న పలకల మీద పూసి, కాల్చి చూడండి.

పూయవలసిన పదును కూడా ముఖ్యం. గిన్నెను వేలితో నొక్కితే సొట్ట పడకూడదు, గోటితో గీస్తే మాత్రం గీత నున్నగా పడాలి. మొదట లోపలివైపు పూసి, తడి మెరుపు పోయేదాకా ఆగి, ఆ తరువాతే బయటివైపు పూయండి; రెండువైపులా ఒకేసారి పూస్తే గోడ నీరు పీల్చుకొని అంచు వాలిపోతుంది. పూత అట్ల పిండి జారులో ఉంటే చాలును.

రంగు పాళ్లను ఎండుమట్టి తూకం మీదనే లెక్కించాలి. నీలానికి కోబాల్ట్ ఆక్సైడ్ నూటికి 1 పాలు, ఆకుపచ్చకు క్రోమ్ ఆక్సైడ్ 2 పాళ్లు, తయారుగా అమ్మే సిరామిక్ స్టెయిన్లు అయితే 10 పాళ్ల వరకు వేసి మొదలుపెట్టవచ్చును. నీలాన్ని తెల్లమట్టిలోనే కలపాలి. ఎర్రమట్టిలో కలిపితే నల్లగా మాడినట్టు కనిపిస్తుంది. మట్టిని పూర్తిగా ఎండబెట్టి, చితక్కొట్టి, తూచి, ఆ తరువాత నీళ్లలో వేయండి. ఎండిన గడ్డ తానే విచ్చుకొని కరిగిపోతుంది. సగం తడిగా ఉన్నది ఎంతసేపు నానినా ముద్దగానే ఉంటుంది. కరిగినదాన్ని 80 మెష్ (అంగుళానికి 80 కన్నులున్న) జల్లెడ గుండా వడకట్టండి. పదిమంది చేతులు పడే చోట నీలం ముంచిన కుంచె తెల్ల బకెట్‌లోకి వెళ్లడం మామూలే గనుక, ప్రతి బకెట్‌కు వేరే కుంచె ఉంచి, అందులోని మట్టి, రంగు పాళ్లు మూత మీద రాయండి.

గీతలకు గోరింటాకు కోన్ చక్కగా పనికివస్తుంది. ముందు పాత కాగితం మీద రెండు గీతలు గీస్తే లోపలి గాలి బుడగ పోతుంది, గిన్నె మీద చిందదు. ఈ పనితనాన్ని చూడదలచిన వారికి హిమాచల్ ప్రదేశ్‌లోని అంద్రెట్టా గ్రామపు ఎర్రమట్టి పాత్రలు మంచి నమూనాలు.

ప్రశ్న: కోబాల్ట్ ఖరీదు ఎక్కువ. సంక్రాంతికి కొన్న ముగ్గు రంగులు మిగిలి ఉన్నాయి. వాటిని, జాజును స్లిప్‌లో కలపవచ్చునా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముగ్గు రంగులు వద్దు. వాటిలోని అద్దకపు రంగు బట్టీలో కాలిపోయి, వెలవెలబోయిన పొడి మాత్రమే మిగులుతుంది. జాజు సంగతి వేరు. దాని ఎరుపు ఇనుము వల్ల వచ్చినది గనుక మంటకు నిలుస్తుంది. మన కుమ్మరులు కుండకు జాజు పూసి, నున్నగా రుద్ది, ఆవంలో పెట్టేది అందుకే. బజారు జాజులో ఇసుక ఉంటుంది కాబట్టి నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకు దిగేదాకా కాసేపు ఆగి, పైనున్న ఎర్రనీళ్లను మాత్రమే వాడుకోండి. ఎరుపు మీద తెలుపు మనకు పాత అలవాటే: 1947లో పురావస్తు శాస్త్రజ్ఞుడు మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపినప్పుడు, ఆయన ‘ఆంధ్ర’ అని పేరు పెట్టిన పొరలో ఎర్రపూతతో, తెల్లని గీతలతో ఉన్న కుండపెంకులు దొరికాయి.

ప్రశ్న: స్లిప్ వేసిన పళ్లెంలో అన్నం తినవచ్చునా? పిల్లలు కూడా మాతో పనిచేస్తారు, ఏమైనా ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పూత మీద సీసం లేని పారదర్శకమైన గ్లేజు (గాజులాంటి పైపూత) వేసి, దానికి చెప్పిన వేడిలో సరిగా కాల్చిన పళ్లేన్ని మాత్రమే భోజనానికి వాడండి. పిల్లలకు తడి స్లిప్ మాత్రమే ఇవ్వండి. పొడి రంగులను, ముఖ్యంగా గోధుమ, నలుపు రంగులకు వాడే మాంగనీసును, పెద్దలే మాస్కు కట్టుకొని కలపాలి. ఎండిన మట్టి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. గదిని చీపురుతో ఊడవక తడిగుడ్డతో తుడవండి.