సిర్రోసిస్‌లో ప్లీహం పెరిగిందంటే ముందు ఎండోస్కోపీ గురించి అడగండి

మీ నాన్నగారికి సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) అనీ, స్కాన్‌లో ప్లీహం (ఎడమ డొక్కలో ఉండే స్ప్లీన్) పెరిగి 17 సెంటీమీటర్లు ఉందనీ, దాన్ని తీయించేస్తే బాగుపడతారా అనీ అడిగారు. మా అమ్మ రిపోర్టులో 16 అని ఉంది. అప్పుడు నేనూ అచ్చం ఇదే అడిగాను.

మాకు రిపోర్టు చేతిలో పెట్టి పంపేశారు. ఆ రాత్రంతా టెన్షన్. మర్నాడు డాప్లర్ (రక్తం ఎటు పారుతోందో రంగుల్లో చూపే స్కాన్) చేసిన డాక్టరమ్మ మాత్రం తెర మావైపు తిప్పారు. పొట్ట మీద జెల్ రాసి ప్రోబ్ ఒకచోట ఆపి, "ఇది పోర్టల్ సిర. పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తం దీంట్లో కలిసి కాలేయానికి పోవాలి. అలా పోతుంటే ఇక్కడ ఎర్రగా కనపడాలి. నీలంగా ఉంది చూడండి, వెనక్కి మళ్ళింది" అన్నారు. అమ్మ పడుకునే తల తిప్పి ఆ నీలం గీతని కాసేపు చూసి, "మరి ఎటు పోతోందమ్మా?" అంది.

మీరు అడగాల్సింది కూడా అదే. కాలేయానికి చేరే రక్తంలో దాదాపు ముప్పావు వంతు ఆ సిర గుండానే వస్తుంది. కాలేయం మచ్చలు కట్టి గట్టిపడితే రక్తానికి దారి ఇరుకై, వెనక ఒత్తిడి పెరుగుతుంది. ప్లీహం ఉబ్బేది ముఖ్యంగా అందుకే. దారి దొరకని రక్తం అన్నవాహిక అడుగున, కడుపు పైభాగంలో ఉన్న సన్నని సిరల్లోకి మళ్ళుతుంది. అంత ఒత్తిడిని మోసే సత్తా వాటికి లేదు. పగిలితే రక్తపు వాంతులు, తారులాంటి నల్లటి విరేచనాలు. ప్లీహం తీసేసినా గట్టిపడిన కాలేయం మెత్తబడదు. పైగా పోర్టల్ సిరలో గడ్డకట్టే ప్రమాదం, ఇన్‌ఫెక్షన్ల భయం. అందుకే డాక్టర్లు అంత తేలిగ్గా దాని జోలికి వెళ్ళరు.

నా బాధ ఇంకోటి ఉంది. అంతకు ముందు రెండేళ్ళుగా అమ్మ ప్లేట్‌లెట్లు 90 వేల దగ్గరే ఉన్నాయి. లక్షన్నర పైన ఉండాలి కదా. చూపించిన ప్రతిసారీ నీరసం అన్నారు, విటమిన్ మాత్రలు రాశారు. పెరిగిన ప్లీహం ప్లేట్‌లెట్లని తనలోనే పట్టి ఉంచుతుందని ఎవరికీ తట్టలేదు. ఒక్కరైనా ఎడమ డొక్క కింద చెయ్యి పెట్టి చూసి ఉంటే అప్పుడే తెలిసేది, ఇది నేను ఎక్కడైనా చెబుతాను. పైగా సిర్రోసిస్ అనగానే "తాగేవారా?" అని అమ్మ ముందే అడగడం! ఆవిడ చుక్క ముట్టిన మనిషి కాదు. షుగరు, ఫ్యాటీ లివర్ కలిసి తెచ్చిపెట్టిన జబ్బు అది.

ఆ సన్నని సిరలు ఎలా ఉన్నాయో నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూసేదే ఎండోస్కోపీ. అందులో అమ్మకి ఉబ్బిన సిరలు పెద్దవే కనిపించాయి. మూడు విడతల్లో వాటికి రబ్బరు బ్యాండ్లు వేశారు, ఆ సిరల్లో ఒత్తిడి తగ్గడానికి కార్వెడిలాల్ అనే మందు ఇచ్చారు. నాలుగేళ్ళయింది, ఇప్పటివరకు ఒక్కసారి కూడా రక్తం పడలేదు. ప్లీహం ఇప్పటికీ అంతే ఉంది, ఉండనివ్వండి.

మీ ప్రశ్నలో నాన్నగారి ప్లేట్‌లెట్లు ఎంతో రాయలేదు, ఎండోస్కోపీ అయిందో లేదో రాయలేదు. ఎండోస్కోపీ ఇంకా చేయించకపోతే ఈ వారంలోనే దాని గురించి డాక్టరుని అడగండి. ఈలోగా ఒళ్ళునొప్పులకి సొంతంగా పెయిన్‌కిల్లర్లు కొని వేసుకోనివ్వకండి. విరేచనం నల్లగా కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.